పాత తేదీకి దీనారు, రియాలు ఎన్ని రూపాయలు? లెక్క కట్టే పద్ధతి

గల్ఫ్ డబ్బుతో కొన్న పొలం భాగాలకు వచ్చినప్పుడు ఉదయగిరి, కలిగిరి, కనిగిరి, పామూరు ఊళ్ళల్లో పెద్దమనుషుల ముందు ముడిపడేది ఈ ప్రశ్న దగ్గరే: “అన్న 1998లో పంపిన రెండొందల దీనార్లు ఆ రోజుకు ఎన్ని రూపాయలు?” ఒకరు ఫోన్లో చూసి ఒక అంకె చెబుతారు. ఇంకొకరు పాస్ పుస్తకం తెరిచి వేరే అంకె చూపిస్తారు. మూడోవారు ఇవాళ్టి రేటుతో గుణించి లెక్కను ఎక్కడికో తీసుకుపోతారు. ముగ్గురూ నిజమే చెబుతూ ఉండొచ్చు, కాకపోతే ముగ్గురూ వేరే వేరే రేట్లు పట్టుకున్నారు.

రూపాయికీ కువైట్ దీనారుకీ మధ్య నేరుగా పెద్ద బజారు లేదు. బ్యాంకులు రూపాయిని డాలరుతో కొని అమ్ముతాయి, దీనారునూ డాలరుతోనే కొని అమ్ముతాయి. దీనారుకు ఇన్ని రూపాయలని మనం చూసే ప్రతి అంకె వెనుకా ఈ రెండు రేట్లను కలిపి కట్టిన లెక్క ఉంటుంది. ఆ లెక్క మనమే కట్టుకోవచ్చు. తప్పు పోకూడదంటే రెండు రేట్లూ ఒకే రోజువి కావాలి, ఒకే రకానివి కావాలి.

ఏ పనికి ఏ రేటు

అంకెలు వెతికే ముందు ఒక చీటీ మీద తేదీ, మొత్తం, ఏ కరెన్సీ నుంచి ఏ కరెన్సీకి, ఏ పనికి అని రాసుకోండి. చివరిది రాయకుండా మొదలుపెడితే లెక్క మళ్ళీ మొదటికొస్తుంది.

డబ్బు నిజంగా చేతులు మారి ఉంటే అన్నిటికంటే పెద్ద సాక్ష్యం ఎక్స్చేంజి వాళ్ళు ఇచ్చిన రసీదు. దాని మీద దీనార్లు, రేటు, కమీషను, రూపాయలు నాలుగూ ఉంటాయి. రసీదు దొరికితే వేరే రేటు వెతకాల్సిన పనే లేదు. అది ఆ రోజు బజారు రేటు కంటే కాస్త తక్కువ ఉన్నా సరే, ఇంటికి చేరింది ఆ రూపాయలే.

ఆదాయపు పన్నుకు అలా కుదరదు. 2026 మార్చి వరకు అమల్లో ఉన్న 1962 ఆదాయపు పన్ను నియమాల్లో 115వ నియమం స్టేట్ బ్యాంకు టీటీ (బ్యాంకు ద్వారా వచ్చిన డబ్బుకు కట్టే) కొనుగోలు రేటునే వాడమంది. జీతానికైతే, ఆ జీతం రావాల్సిన నెలకు ముందు నెల చివరి రోజు రేటు తీసుకోవాలి. జులై జీతానికి జూన్ 30 రేటన్నమాట. ఆస్తి అమ్మకం మీద లాభానికైనా అంతే, అమ్మిన నెలకు ముందు నెల చివరి రోజుది. ఎన్నారైగా ఉన్నంతకాలం కువైట్లో సంపాదించి అక్కడే తీసుకున్న జీతానికి ఇక్కడ పన్ను పడదు కాబట్టి ఈ లెక్క ఎక్కువగా తిరిగొచ్చిన ఏడాదే అవసరపడుతుంది. ఒక చిక్కుంది. స్టేట్ బ్యాంకు రేట్ల కాగితం రోజూ మారిపోతుంది, పాతది తర్వాత దొరకడం కష్టం. నెల చివరి రోజు కాగితాన్ని అప్పటికప్పుడు దింపి దాచుకోవడమే మేలు. ఆ కాగితంలో బిల్లు కొనుగోలు, నోట్ల కొనుగోలు అని వేరే గడులు కూడా ఉంటాయి. నోట్ల గడిలో కొనుగోలు రేటు టీటీ కంటే బాగా తక్కువ. అది చూసి వేస్తే ఆదాయం తక్కువ చూపినట్టు అవుతుంది.

సరుకు ఎగుమతి, దిగుమతులకు కస్టమ్స్ రేటు. నెలలో మొదటి, మూడో గురువారాల్లో కస్టమ్స్ బోర్డు దీన్ని ప్రకటిస్తుంది. కువైట్ దీనారు, బహ్రెయిన్ దీనారు, ఖతార్ రియాలు, సౌదీ రియాలు, యూఏఈ దిర్హామ్ ఆ పట్టికలో ఉంటాయి. ఒమన్ రియాలు మామూలుగా కనిపించదు. దిగుమతికి ఒక రేటు, ఎగుమతికి ఇంకొకటి, దిగుమతిది ఎక్కువ. చీమకుర్తి గ్రానైటు పంపేవాళ్ళు షిప్పింగ్ బిల్లు తేదీకి అమల్లో ఉన్న ఎగుమతి గడి చూసుకోవాలి. చిన్న కరెన్సీలకు పాత తేదీల అధికారిక అంకె ఒకే చోట దొరకడానికి ఈ నోటిఫికేషన్ల కంటే సులువైన దారి లేదు. కస్టమ్స్ పని లేకపోయినా, మనం కట్టిన లెక్క దారి తప్పిందో లేదో చూసుకోవడానికి పనికొస్తాయి.

ఇక అన్నదమ్ముల మధ్య, భాగస్వాముల మధ్య న్యాయంగా ఒక అంకె కావాలి, రసీదులు లేవు అన్నప్పుడు కొనుగోలు, అమ్మకం రేట్లకు నడుమ ఉండే, ఎవరి వైపూ మొగ్గని మధ్య రేటు వాడాలి. దాన్ని డాలరు మీదుగా కట్టాలి.

డాలరు మీదుగా

రూపాయి వైపు అంకె రిజర్వు బ్యాంకు రిఫరెన్స్ రేటు. 2018 జులై 10 నుంచి దీన్ని ఎఫ్‌బీఐఎల్ (ఫైనాన్షియల్ బెంచ్‌మార్క్స్ ఇండియా అనే సంస్థ) లెక్కకట్టి ప్రకటిస్తోంది. పొద్దున 11:30కీ మధ్యాహ్నం 12:30కీ మధ్య జరిగిన లావాదేవీల నుంచి తీస్తారు. డాలరు, పౌండు, యూరో, యెన్ ఎప్పటి నుంచో ఉన్న నాలుగు వరుసలు, దీనారుకు వరుస లేదు. ఇంకా పాత ఏళ్ళకు రిజర్వు బ్యాంకు గణాంకాల హ్యాండ్‌బుక్‌లో నెలవారీ, సంవత్సరవారీ సగటులు ఉన్నాయి. రోజువారీ అంకె కావాలంటే అమెరికా ఫెడరల్ రిజర్వు పట్టికలో రూపాయి 1973 నుంచి ఉంది.

దీనారు వైపు అంకె కువైట్ సెంట్రల్ బ్యాంకు ఇస్తుంది. ఒక డాలరుకు ఎన్ని దీనార్లో అది చెబుతుంది: 0.3075 లాంటి అంకె.

ఒక లెక్క కట్టి చూద్దాం. 2024 మార్చి 28న డాలరు రిఫరెన్స్ రేటు 83.3739. దీనారు వైపు 0.3075 అనుకుందాం. డాలరుకు రూపాయల్ని డాలరుకు దీనార్లతో భాగించాలి: 83.3739 ÷ 0.3075 = 271.13. వెయ్యి దీనార్లకు సుమారు 2,71,135 రూపాయలు.

ఇక్కడ ఎక్కువగా జరిగే పొరపాటు రెండు అంకెలు కుదించి 0.31 అని వేయడం. అప్పుడు 268.95 వస్తుంది, వెయ్యి దీనార్ల మీద రెండు వేల రూపాయల పైచిలుకు మాయం. దీనారుకు వెయ్యి ఫిల్సులు, దాని లెక్క ఎప్పుడూ మూడు దశాంశాల మీదే నడుస్తుంది. మన పైసల అలవాటుతో రెండు దశాంశాలకు కుదించకూడదు. రేటుకు కనీసం నాలుగు దశాంశాలు ఉంచి, కుదింపు చివర రూపాయల దగ్గర ఒక్కసారే చేయాలి.

ఇంకో పొరపాటు భాగించాల్సిన చోట గుణించడం. 83.3739ని 0.3075తో గుణిస్తే 25.64 వస్తుంది. చూడటానికి అది దిర్హామ్ రేటుకో సౌదీ రియాలు రేటుకో దగ్గరగా ఉంటుంది కాబట్టి చాలామందికి అనుమానమే రాదు. ఒక గుర్తు పెట్టుకుంటే చాలు: కువైట్ దీనారు, బహ్రెయిన్ దీనారు, ఒమన్ రియాలు ఎప్పుడూ డాలరు కంటే ఎక్కువ విలువ చేస్తాయి. లెక్కలో డాలరు కంటే తక్కువ వచ్చిందంటే తిరగేశారన్నమాట.

ఒమన్, సౌదీ, యూఏఈ, బహ్రెయిన్, ఖతార్ కరెన్సీలకు ఇంత శ్రమ లేదు, అవి డాలరుకు కట్టేసి ఉన్నాయి. సౌదీ రియాలు 1986 నుంచి డాలరుకు 3.75. ఒమన్ రియాలు కూడా 1986 నుంచే డాలరుకు 0.3845. దిర్హామ్ 1997 నవంబరు నుంచి 3.6725, అంతకుముందు 3.671. ఖతార్ రియాలు 3.64, బహ్రెయిన్ దీనారు 0.376. ఆ తేదీకి డాలరు రూపాయల్లో ఎంతో తెలిస్తే మిగతాది ఒక్క భాగహారం. 2014 మార్చి 31న డాలరు 60.0998. మస్కట్ నుంచి ఆ రోజు వచ్చిన 600 రియాళ్ళ మధ్య విలువ 60.0998 ÷ 0.3845, అంటే రియాలుకు 156.31 చొప్పున 93,784 రూపాయలు. 1986కు ముందు తేదీలకు మాత్రం 0.3845 వాడకూడదు. అప్పట్లో ఒమన్ రియాలు 2.895 డాలర్లు, ఆ ఏడాది విలువ తగ్గించారు.

లెక్క సరిపోయిందో లేదో చూసుకోవడానికి అంతర్జాతీయ ద్రవ్యనిధి (ఐఎంఎఫ్) పట్టికలు పనికొస్తాయి. అక్కడ ఒక ఎస్‌డీఆర్‌కు (ఐఎంఎఫ్ సొంత లెక్కల యూనిట్‌కు) ఎన్ని రూపాయలో, ఎన్ని దీనార్లో రెండూ పక్కపక్కనే ఉంటాయి. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే డాలరు ఊసు లేకుండానే రేటు వస్తుంది. రెండు దారుల్లో వచ్చిన అంకెలు అర శాతం లోపు కలవాలి. కలవకపోతే ఎక్కడో తేదీ జరిగింది.

తేదీ ఎలా జరుగుతుందంటే

కువైట్లో 2007 సెప్టెంబరు వరకు గురు, శుక్రవారాలు సెలవు. ఆ తర్వాత శుక్ర, శనివారాలు. మన ఫారెక్స్ బజారుకు శని, ఆది సెలవు. అంటే 2007కు ముందు రెండు వైపులా పనిచేసే రోజులు సోమ, మంగళ, బుధ మాత్రమే. శుక్రవారానికి డాలరు రేటు మన పట్టికలో ఉంటుంది, దీనారు రేటు బుధవారంది ఉంటుంది. ఇలాంటప్పుడు రెండు వైపులా పని జరిగిన ఆఖరి రోజుకు వెనక్కి వెళ్ళి, రెండు అంకెలూ ఆ రోజువే తీసుకోవాలి. “సెలవైతే వెనకటి రోజు” అని ముందే ఒప్పుకుని, ప్రతి వరుసకూ అదే నియమం పెట్టాలి. ఒకచోట వెనక్కి, ఇంకోచోట ముందుకు పోతే ఎదుటివాళ్ళకు అనుమానం వస్తుంది, రావాల్సిందే.

ఎక్సెల్‌లో చేసేవాళ్ళు తేదీలవారీ రేట్లను పాతది పైన, కొత్తది కింద పేర్చి, వీలుకప్ (VLOOKUP) ఫార్ములా చివర ట్రూ (TRUE) పెడితే సెలవు రోజుకు వెనకటి రోజు రేటు దానంతటదే వస్తుంది. పేర్పు తప్పితే మాత్రం అది నోరు మెదపకుండా తప్పు అంకె ఇస్తుంది. దింపుకున్న ఫైళ్ళలో 04-07 అని ఉంటే అది ఏప్రిల్ ఏడా, జులై నాలుగా? అమెరికా పట్టికలు నెల ముందు పెడతాయి. 12 దాటిన రోజున్న ఒక వరుస వెతికి చూస్తే ఏది ఏదో తేలుతుంది.

డ్రాఫ్టు కాలపు డబ్బుకు ఇంకో మెలిక ఉంది. అప్పట్లో గల్ఫ్ ఎక్స్చేంజిలు రూపాయల డీడీ రాసిస్తే, దాన్ని రిజిస్టరు పోస్టులో ఇంటికి పంపేవాళ్ళు. కవరు చేరి, కావలిలోనో ఆత్మకూరులోనో బ్యాంకులో వేసి, జమ అయ్యేసరికి వారాలు. పాస్ పుస్తకంలో ఉండేది జమ తేదీ. రేటు తెగింది డీడీ రాసిన రోజు. జమ తేదీతో లెక్క కడితే, రూపాయి పడిపోతున్న నెలల్లో పంపినవాళ్ళకు నష్టం చూపిస్తుంది.

పాస్ పుస్తకం నుంచి వెనక్కి

రసీదులు పోయి పాస్ పుస్తకం ఒక్కటే మిగిలితే, రూపాయల నుంచి దీనార్లు రాబట్టొచ్చు. 1998 చివర్లో డాలరు 42 రూపాయల పైన, దీనారు సుమారు 3.3 డాలర్లు, అంటే దీనారు 139 రూపాయల చుట్టూ. పుస్తకంలో 27,600 జమ ఉందనుకోండి. 139తో భాగిస్తే 198.6. మనుషులు 198.6 దీనార్లు పంపరు, 200 పంపి ఉంటారు. 27,600ని 200తో భాగిస్తే 138 వస్తుంది. మధ్య రేటు కంటే ఒక రూపాయి తక్కువ, ఎక్స్చేంజి వాళ్ళ లాభం అంతే ఉంటుంది. లెక్క కుదిరింది. పుస్తకంలో సరిగ్గా 25,000 అనో 50,000 అనో ఉంటే మాత్రం పంపినవాళ్ళు రూపాయల్లోనే గుండు అంకె అడిగి డీడీ తీశారని అర్థం. అప్పుడు దీనార్లు చిల్లరతో వస్తాయి, దాన్ని గుండు చేయకూడదు.

హుండీలో, అంటే బ్యాంకు బయట మనుషుల ద్వారా, వచ్చిన డబ్బుకు రసీదు ఉండదు, అది చట్టానికి లోబడిన దారీ కాదు. ఆ రేటు ఎవరి నోటి లెక్క వాళ్ళదే కాబట్టి పంపకాల్లో ఆ తేదీ మధ్య రేటుకే అందరూ ఒప్పుకోవడం మంచిది.

ఇవాళ్టి రేటుతో గుణించడం గురించి గట్టిగానే చెప్పాలి. 1985లో దీనారు సుమారు 40 రూపాయలు. ఆనాడు పంపిన వంద దీనార్లు ఆనాడే నాలుగు వేల రూపాయలై పొలంలోకి వెళ్ళిపోయాయి. ఆ తర్వాత పెరిగింది పొలం విలువ. ఇప్పటి దీనారు రేటుతో మళ్ళీ గుణిస్తే ఒకే డబ్బును రెండుసార్లు పెంచినట్టు. “నీకు ఇన్ని దీనార్లు బాకీ, దీనార్లలోనే తీరుస్తాను” అని కాగితం రాసుకున్న అప్పు సంగతి వేరు, దానికి తీర్చే రోజు రేటే న్యాయం.

సగటు రేటుకూ హద్దు తెలియాలి. నెలనెలా ఒకే మొత్తం పంపినవాళ్ళకు నెలవారీ సగటులు సరిపోతాయి. ఒక్కసారి పెద్ద మొత్తం పంపినప్పుడు సంవత్సర సగటు పనికిరాదు. 2013 మే మొదట్లో డాలరు 54 దగ్గర ఉంది, ఆగస్టు 28న రిఫరెన్స్ రేటు 68.36. అప్పట్లో దీనారు మూడున్నర డాలర్లు కాబట్టి ఆ నాలుగు నెలల్లో దీనారు మీద 50 రూపాయల తేడా. 500 దీనార్లకు పాతిక వేలు.

జాగ్రత్తగా దాటాల్సిన ఏళ్ళు

దీనారు పుట్టింది 1961 ఏప్రిల్ 1న. అంతకుముందు కువైట్లో నడిచింది మన రిజర్వు బ్యాంకు ముద్రించిన గల్ఫ్ రూపాయి. 13⅓ రూపాయలకు ఒక దీనారు చొప్పున మార్చారు. 1966 జూన్ 6న మన రూపాయి విలువ తగ్గించి డాలరును 4.76 నుంచి 7.50కి మార్చడంతో, 2.80 డాలర్ల దీనారు ఒక్కరోజులో 13.33 నుంచి 21 రూపాయలయింది. 1966 జూన్ లెక్కకు నెల సగటు వాడితే ఏ వైపూ కాని అంకె వస్తుంది.

1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్లోకి వచ్చాక దీనారుకు బజారు లేదు. ఇరాకీ దీనారును ఒకటికి ఒకటిగా రుద్దారు. విముక్తి తర్వాత 1991 మార్చిలో కొత్త నోట్లు వచ్చాయి, దోచుకున్న పాత నోట్లు చెల్లకుండా పోయాయి. ఈ ఏడెనిమిది నెలలకు ఏ పట్టికలోనైనా అంకె కనిపిస్తే అది ఆక్రమణకు ముందుదాన్ని కిందికి లాగినదే అనుకోవాలి. అప్పటి పద్దులకు “1990 ఆగస్టు 1 రేటు” అని పేరు పెట్టి వాడటం నిజాయితీ.

1991 జులై 1న, 3న రెండు విడతల్లో రూపాయి విలువ తగ్గింది. ఆ వారంలో తేదీ ఒక్కరోజు జరిగినా తేడా పెద్దది. 1992 మార్చి 1 నుంచి ఏడాదిపాటు మనకు రెండు రేట్లు నడిచాయి. వచ్చిన విదేశీ డబ్బులో 40 శాతం అధికారిక రేటుకు, 60 శాతం బజారు రేటుకు. అధికారిక రేటు సుమారు 26, బజారు 30 అనుకుంటే చేతికొచ్చేది 0.4 × 26 + 0.6 × 30 = 28.40. పట్టికలో ఒక్క అంకే ఉంటే అది ఏదో చూడకుండా వాడితే దీనారు మీద ఐదు రూపాయలకు పైగా తేడా వస్తుంది. 1993 మార్చిలో రెండూ ఒకటయ్యాయి.

2003 జనవరి 5 నుంచి 2007 మే 20 వరకు కువైట్ దీనారును డాలరుకు కట్టారు: 0.29963, అటూ ఇటూ మూడున్నర శాతం వెసులుబాటుతో. చాలామంది ఆ ఏళ్ళన్నిటికీ 0.29963 వేసేస్తారు. నిజంగా నడిచిన అంకె తగ్గుతూ పోయింది: 2005లో 0.292 దగ్గర ఉంది, 2006 మేలో 0.28914కు వచ్చింది. రోజు అంకె దొరుకుతున్నప్పుడు డాలరుకు కట్టేసిన అంకె వాడొద్దు. 2007 మే తర్వాత దీనారు మళ్ళీ కొన్ని కరెన్సీల బుట్టతో నడుస్తోంది, దానికి స్థిర అంకె లేదు.

రొయ్యల వ్యాపారులకు

ఇదే పద్ధతి వియత్నాం చెరువు గట్టు ధరను మన ధరతో పోల్చడానికీ పనికొస్తుంది. అక్కడి డాంగ్ చాలా చిన్న కరెన్సీ కాబట్టి లెక్కను తిరగేసి, రూపాయికి ఎన్ని డాంగ్‌లో చూడటం తేలిక. డాలరు 25,000 డాంగ్, 83.50 రూపాయలు అనుకుంటే రూపాయికి 299 డాంగ్. కిలో లక్ష డాంగ్ అంటే 334 రూపాయలు. అక్కడి కేంద్ర బ్యాంకు 2016 జనవరి నుంచి రోజూ ఒక కేంద్ర రేటు ప్రకటిస్తుంది. వాణిజ్య బ్యాంకులు దానికి అటూ ఇటూ కొంత శాతం లోపల అమ్ముతాయి, 2022 అక్టోబరు నుంచి అది 5 శాతం. రైతుకు అందే డబ్బు బ్యాంకు రేటుదే కాబట్టి కేంద్ర రేటు వేయకండి. ఈక్వెడార్‌కు ఈ బాధ లేదు, 2000 నుంచి అక్కడ డాలరే నడుస్తుంది. ధర పోల్చేటప్పుడు కౌంటు (కిలోకు ఎన్ని రొయ్యలు) కూడా ఒకటే ఉండాలి. వాళ్ళ 50 కౌంటును మన 100 కౌంటుతో పోలిస్తే రేటు ఎంత సరిగా కట్టినా ఉపయోగం లేదు.

కాగితం మీద ఎలా పెట్టాలి

ప్రతి మొత్తానికీ ఒక వరుస. పంపిన తేదీ, రేటు తీసుకున్న తేదీ (రెండూ ఒకటి కాకపోవచ్చు), దీనార్లు, డాలరుకు రూపాయలు, డాలరుకు దీనార్లు, వచ్చిన రేటు, రూపాయలు, రెండు అంకెలూ ఎక్కడివో. ఉదాహరణకు: “28-03-2024, అదే రోజు, 1000 దీనార్లు, 83.3739, 0.3075, 271.13, రూ. 2,71,135, ఎఫ్‌బీఐఎల్ మరియు కువైట్ సెంట్రల్ బ్యాంకు, మధ్య రేటు.” రేటును 271.13కు కుదించి చూపినా రూపాయలు కుదించని అంకెతో కట్టారని కింద ఒక ముక్క రాయండి. లేకపోతే ఎవరో కాలిక్యులేటరు తీసి 2,71,130 వచ్చిందని అడుగుతారు. పైన ఏ రేటు వాడారో, సెలవు రోజుకు ఏ నియమం పెట్టారో రాసి, లెక్క మొదలుపెట్టక ముందే అందరి చేత సంతకం పెట్టించుకోండి. మొత్తం ఎవరికి లాభమో తేలాక ఆ సంతకం ఎవరూ పెట్టరు.